వన్‌టౌన్‌లో పాత ఎక్స్ఛేంజీ భవనాలపై మూడు సాయంత్రాల ప్రసంగాలు: ఒక సమీక్ష

విశాఖపట్నం వన్‌టౌన్‌లో, పాత పోస్టాఫీసుకు దగ్గరలోని ఒక మేడమీది హాలులో, పాత కట్టడాల గురించి రుసుము తీసుకుని తెలుగులో ప్రసంగాలు ఏర్పాటుచేసే చిన్న బృందం ఒకటుంది. ఈసారి వారు ఎంచుకున్న అంశం పాత స్టాక్ ఎక్స్ఛేంజీ భవనాల చరిత్ర, వాటి పునరుద్ధరణ. వరుసగా మూడు శనివారాలు సాయంత్రం ఆరింటికి ప్రసంగం, చివరి ప్రసంగం మరునాటి ఉదయం పాత పట్నంలో నడక, ఒక చిన్న పుస్తకం, టీ, వీటన్నిటికీ కలిపి మనిషికి 600 రూపాయలు. విద్యార్థులకు అందులో సగం. ప్రసంగించినవారు ఆర్కిటెక్చరు బోధించి పదవీ విరమణ చేసిన ఒక మాష్టారు. డబ్బు, సమయం పెట్టి వెళ్ళదలచినవారికి ఉపయోగపడాలని కొంత వివరంగానే రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను: రెండో సాయంత్రం ఒక్కదానికే ఆ రుసుము గిట్టుబాటు అవుతుంది. మొదటిది హడావిడిగా సాగింది. మూడోది సగం గడిచాక పుంజుకుంది.

విశాఖలో స్టాక్ ఎక్స్ఛేంజీల గురించి ఎందుకన్న సందేహం నాకూ కలిగింది. మన ఊళ్ళో గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజీ ఎన్నడూ లేదు; ఉమ్మడి రాష్ట్రానికి ఉన్నది హైదరాబాదు ఎక్స్ఛేంజీ ఒక్కటే, 1943లో మొదలైన ఆ సంస్థకు కూడా 2007లో గుర్తింపు పోయింది. మాష్టారు ఈ సందేహాన్ని మొదటి పది నిమిషాల్లోనే తీర్చారు. ఆయన వాదన ఇది. వాణిజ్యం కోసం కట్టిన పెద్ద భవనాల్లో ఎక్స్ఛేంజీ హాళ్ళంత త్వరగా పని కోల్పోయినవి అరుదు. మన దేశంలో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీ 1994లో కంప్యూటరు తెరల మీదే షేర్ల వ్యాపారం ప్రారంభించింది. మరుసటి ఏడాదే బొంబాయి ఎక్స్ఛేంజీ కూడా తెరల మీదికి మారింది. 1996లో షేర్లను కాగితాలకు బదులు కంప్యూటరు ఖాతాల్లో ఉంచుకునే వీలు కల్పించిన డిపాజిటరీల చట్టం వచ్చాక కాగితపు షేరు సర్టిఫికెట్టుకు సైతం కాలం చెల్లింది. వందలమంది గొంతెత్తి అరుచుకోవడానికి వీలుగా ఎత్తయిన కప్పుతో, మధ్యలో స్తంభాలు అడ్డురాకుండా కట్టిన హాళ్ళు ప్రపంచంలో చాలాచోట్ల కొన్నేళ్ళ వ్యవధిలోనే ఖాళీ అయిపోయాయి. గోడలు గట్టిగానే ఉన్నాయి, చేయడానికి పని మాత్రం లేదు. అలాంటి భవనాన్ని ఊరు ఏం చేసుకోవాలి అన్న ప్రశ్న మన పాత టౌన్‌హాలుకూ, జమీందారుల బంగళాలకూ, రేవు చుట్టుపక్కల పాత గిడ్డంగులకూ సరిగ్గా వర్తిస్తుంది. ఈ దృష్టితో చూస్తే అంశాన్ని ఎంచుకోవడంలోనే నిర్వాహకుల ఆలోచన కనిపించింది.

మొదటి సాయంత్రం నాలుగు వందల ఏళ్ళకు పైబడిన చరిత్రను గంటన్నరలో కుదించాలని చూశారు. 1531 నాటి ఆంట్‌వెర్ప్ ఎక్స్ఛేంజీ, దాన్ని చూసి వచ్చిన థామస్ గ్రెషం అనే వర్తకుడు లండన్‌లో కట్టించగా 1571లో ఎలిజబెత్ రాణి ప్రారంభించిన రాయల్ ఎక్స్ఛేంజీ, అది 1666 నాటి మహా అగ్నిప్రమాదంలో కాలిపోవడం, తిరిగి కట్టినది 1838లో మళ్ళీ కాలిపోవడం, మూడోసారి కట్టినదాన్ని 1844లో విక్టోరియా రాణి ప్రారంభించడం, ఇవన్నీ వరుసగా తెర మీద పరుగెత్తాయి. షేరు దళారులు మరీ గోల చేస్తున్నారని 17వ శతాబ్దం చివర రాయల్ ఎక్స్ఛేంజీ నుంచి బయటపడవలసి వచ్చి, పక్క సందులోని కాఫీ దుకాణాల్లో వ్యాపారం సాగించారనీ, లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీ అక్కడే రూపుదిద్దుకున్నదనీ చెప్పినప్పుడు హాలంతా ఆసక్తిగా విన్నది. ఇప్పుడా రాయల్ ఎక్స్ఛేంజీలో ఖరీదైన దుకాణాలు, భోజనశాలలు ఉన్నాయి. ఆంట్‌వెర్ప్ భవనం 1858లో కాలిపోయి 1872లో కొత్త రూపం దాల్చి, 1997లో మూతపడి, బాగుచేశాక 2019లో సభలూ విందులూ జరిగే చోటుగా తెరుచుకుంది. ఆ హాలుకు నాలుగు వైపులా వీధులు వచ్చి కలుస్తాయట. ఈ ఒక్క విషయం మీద మాష్టారు ఇంకొంతసేపు ఆగి ఉండవలసింది. ఎక్స్ఛేంజీ ఊరి నడవడికలో భాగంగా పుట్టిందనడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు.

బొంబాయి, కలకత్తా భాగం మరీ క్లుప్తంగా ముగిసింది. 1850ల్లో బొంబాయి టౌన్‌హాలు ఎదుట మర్రిచెట్ల కింద దళారులు గుమిగూడటం, 1875లో వారు సంఘంగా ఏర్పడటం, కలకత్తాలో వేపచెట్టు నీడలో సాగిన వ్యాపారం 1908లో సంఘంగా మారి, 1928లో లయన్స్ రేంజిలో సొంత భవనం సంపాదించుకోవడం, ఇంతవరకే చెప్పారు. దలాల్ స్ట్రీట్‌లో ఇప్పుడు కనిపించే అంతస్తుల టవరు 1980 నాటిది కనుక, బొంబాయి తన పాత వాణిజ్య భవనాల విషయంలో ఎలా ప్రవర్తించిందో పోల్చి చెప్పే అవకాశం చేతిలోనే ఉంది. తెలుగు శ్రోతలకు ఆంట్‌వెర్ప్ కంటే బొంబాయి దగ్గర. ఆ భాగానికి కనీసం అరగంట ఇవ్వవలసింది.

ఆ లోటును కొంతవరకు పూడ్చినవారు శ్రోతల్లోనే ఉన్నారు. షేర్ల వ్యాపారంలో చాలా ఏళ్ళు సబ్‌బ్రోకరుగా పనిచేసిన ఒక పెద్దాయన ప్రశ్నల సమయంలో లేచి, కాగితపు షేర్ల రోజుల్లో విశాఖ నుంచి ఫోను మీద ఆర్డర్లు ఎలా ఇచ్చేవారో, ట్రాన్స్‌ఫర్ డీడు (షేర్లను కొన్నవారి పేరుకు మార్చే పత్రం) మీద సంతకం తేడా ఉందని బ్యాడ్ డెలివరీగా, అంటే చెల్లని అప్పగింతగా, తిరిగొచ్చిన కాగితాలను పట్టుకుని మళ్ళీ మళ్ళీ ఎలా తిరిగేవారో చెప్పారు. ఒకసారి పనిమీద వెళ్ళి ట్రేడింగు హాలును చూసిన అనుభవాన్ని వివరిస్తూ, అరచేయి తనవైపు తిప్పుకుంటే కొంటున్నట్టూ, బయటికి తిప్పితే అమ్ముతున్నట్టూ అని స్వయంగా చేసి చూపించారు. “మాష్టారూ, ఆ హాల్లో గొంతు వినపడదండి, చెయ్యే మాట్లాడాలి” అన్నారు. అంత ఎత్తు కప్పు, అంత వెలుతురు, అంత విశాలమైన నేల ఎందుకు కట్టేవారో ఆ ఒక్క మాటతో నాకు తెలిసింది. అటు చివర నిలబడ్డ మనిషి చెయ్యి ఇటు చివరి మనిషికి స్పష్టంగా కనిపించాలి. నిర్వాహకులు ఆయనను ముందుగానే గుర్తించి వేదిక మీద కూర్చోబెట్టి ఉంటే ఎంతో బాగుండేది.

ఇక రెండో సాయంత్రం. దీని గురించే నేను ఎక్కువగా చెప్పాలనుకుంటున్నాను. ఆ రోజు అంశం ఒకే ఒక్క భవనం: షికాగోలోని పాత స్టాక్ ఎక్స్ఛేంజీ. డాంక్‌మార్ ఆడ్లర్, లూయీ సల్లివన్ అనే ఇద్దరు భాగస్వాములు రూపొందించగా 1894లో పూర్తయిన పదమూడు అంతస్తుల కట్టడం అది. ఆడ్లర్ ఇంజనీరింగులో దిట్ట. సల్లివన్ అలంకరణలో సాటిలేనివాడు. మాష్టారు పునాదితో మొదలుపెట్టారు, అదే సరైన పద్ధతి. షికాగో నేల మెత్తని బంకమట్టి. పడమటి గోడను ఆనుకుని ఒక వార్తాపత్రిక అచ్చుయంత్రాలు నడుస్తుండేవి. మామూలు పద్ధతిలో పునాది వేస్తే ఆ యంత్రాల కింద నేల కుంగుతుంది. అందుకని ఆ వైపు మాత్రం బావుల్లాగా లోతుగా తవ్వుకుంటూ పోయి, గట్టి నేల తగిలేదాకా దిగి, ఆ గోతులను నింపి వాటి మీద గోడను నిలబెట్టారు. షికాగో నగరంలో ఒక భవనానికి ఇలాంటి కైసన్ పునాది వేయడం అదే మొదలని చెబుతారు. తర్వాతి కాలంలో ఆ నగరం అంత ఎత్తుకు ఎదగడానికి ఈ పద్ధతి ఎంతగానో తోడ్పడింది.

రెండో అంతస్తులో ఉండేది ట్రేడింగు గది. ఆ గది గోడల మీదా, కప్పు దూలాల మీదా అచ్చుపలకలతో వేసిన బహువర్ణ చిత్రాలు, పైన రంగుటద్దాల వెలుగుదారులు, స్తంభాల తలల మీద పోతపోసిన ఆకులూ తీగెలూ ఉండేవి. తెర మీద గది మొత్తాన్ని చూపించాక మాష్టారు ఒకే ఒక్క చదరపు ముక్కను పెద్దది చేసి అలాగే నిలిపి ఉంచారు. దూరం నుంచి ఒకే ఆకుపచ్చగా కనిపించిన చోట దగ్గరగా చూస్తే ఆకుపచ్చలోనే ఎన్నో ఛాయలు, మధ్య సన్నని పసిమి గీత, ఒక రంగు మరొక రంగు మీదికి వెంట్రుకవాసి జరిగిన చోట్లు కనిపించాయి. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క పలక కోసి, గోడకు ఆనించి, కుంచెతో అద్ది, ఆరాక తర్వాతి పలక పెట్టాలి. ఆ జరిగిన చోట్లే అది మనిషి చేతిపని అనడానికి గుర్తులని మాష్టారు అన్నారు. తెర మీద ఆ ముక్క ఉన్నంతసేపూ హాలులో ఎవరూ మాట్లాడలేదు.

ఇంత శ్రద్ధగా కట్టిన చోటును ఎక్స్ఛేంజీ 1908లోనే వదిలి వెళ్ళిపోయింది. గది చేతులు మారింది, మార్పులకు లోనయింది. సల్లివన్ 1924లో పేదరికంలో కన్నుమూశాడు. 1970 వచ్చేసరికి ఆ స్థలంలో మరింత ఎత్తయిన ఆఫీసు టవరు కడితే ఎక్కువ అద్దెలు వస్తాయన్న లెక్క బలపడింది. వారసత్వ కట్టడంగా ప్రకటించాలని నగర కమిషన్ సిఫారసు చేసినా నగర మండలి అంగీకరించలేదు. జనం నినాదాలు రాసిన అట్టలు పట్టుకుని వీధిలో నిలబడ్డారు. అయినా 1971లో కూల్చివేత మొదలైంది.

రిచర్డ్ నికెల్ ఇక్కడే కథలోకి వస్తాడు. ఫొటోగ్రాఫరైన ఆయన ఆడ్లర్, సల్లివన్‌ల కట్టడాలన్నిటినీ ఫొటోల్లో భద్రపరచాలని యువకుడిగా ఉన్నప్పుడే పూనుకున్నాడు. అవి ఒక్కొక్కటే కూలిపోతుంటే ఫొటోలతో సరిపెట్టుకోలేక, శిథిలాల్లోంచి అలంకార ఫలకాలను తానే ఊడదీసి దాచడం మొదలుపెట్టాడు. 1961లో వారిదే మరో కట్టడమైన గారిక్ థియేటరు కూలినప్పుడు కూడా ఇదే పని చేశాడు. స్టాక్ ఎక్స్ఛేంజీ కూల్చివేతలో ఆర్కిటెక్టు జాన్ విన్సీతో కలిసి ట్రేడింగు గది భాగాలను షికాగోలోని ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ అనే కళా మ్యూజియం కోసం సేకరించాడు. ఒప్పుకున్న పని ముగిసినా, ఇంకా మిగిలినవి ఉన్నాయని ఒంటరిగా ఆ శిథిలాల్లోకి వెళ్తూనే ఉన్నాడు. 1972 ఏప్రిల్ 13న లోపలి భాగం కూలి ఆయన దాని కింద చిక్కుకున్నాడు. వారాల తర్వాత గాని మృతదేహం దొరకలేదు. అప్పటికి ఆయన వయసు 43 ఏళ్ళు.

ఈ భాగాన్ని మాష్టారు గొంతు పెంచకుండా, విశేషణాలు చేర్చకుండా చెప్పారు. నికెల్ తీసిన ఫొటోలు కొన్ని వరుసగా చూపించి, ఆయన మరణం గురించి రెండు వాక్యాలు చెప్పి, వెంటనే పునర్నిర్మాణంలోకి వెళ్ళారు. ఇలాంటి చోట సభను కంటతడి పెట్టించడం వక్తకు తేలిక. ఆయన ఆ దారి పట్టలేదు, అందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది.

1977 నాటికి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో ట్రేడింగు గదిని తిరిగి నిలబెట్టారు. దొరికిన అలంకార ఫలకాలను, అద్దాలను, రంగుల చిత్రాల ముక్కలను ఆధారం చేసుకుని, దొరకని చోట వాటి ఒరవడిలోనే కొత్తగా వేసి విన్సీ ఆ పని పూర్తిచేశాడు. మట్టిని కాల్చి చేసిన టెర్రకోట ప్రవేశ తోరణాన్ని అదే మ్యూజియం వెలుపల, రోడ్డు పక్కన నిలిపారు. రాగిపూత పూసిన పోత ఇనుప మెట్లలో కొన్ని న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి చేరాయి. ఆ మ్యూజియంకు గాని, షికాగోకు గాని వెళ్ళే తెలుగువారు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. పిల్లల దగ్గరికి వెళ్ళే తల్లిదండ్రులు ఊరు చూసే జాబితాలో ఈ గదినీ, బయటి తోరణాన్నీ చేర్చుకోవచ్చు.

ఇక్కడే మాష్టారితో నాకు అభిప్రాయభేదం ఉంది. ఆయన ఈ ప్రయత్నాన్ని భవన సంరక్షణలో ఒక విజయంగా అభివర్ణించారు. గది దక్కింది, సంతోషమే. అందులో పెట్టిన పనితనం అపురూపం, అందులో సందేహం లేదు. కాని కింద ఆ పునాది లేదు, బయట ఆ వీధి లేదు, కిటికీలోంచి చూస్తే ఆ కాలపు షికాగో లేదు. తోరణం ఎటూ తీసుకుపోని ద్వారమై నిలిచింది. మెట్లు ఒక నగరంలో, గది ఒక నగరంలో ఉండగా, కట్టడం మాత్రం ఎక్కడా లేదు. దీన్ని విజయమంటే, కూల్చదలచినవాడు రేపు మనతో కూడా, తలుపులూ దూలాలూ తీసి మ్యూజియంలో పెడతాం, మిగతాది పడగొట్టనివ్వండి అని అడుగుతాడు. విశాఖలో పాత బంగళాల టేకు తలుపులు, రంగుటద్దాలు, పింగాణీ పలకలు పాత సామాను దుకాణాలకు చేరుతూనే ఉన్నాయి. వాటిని కొని కొత్త ఇంట్లో బిగించుకున్నవారు పాతదాన్ని కాపాడామనే అనుకుంటారు. షికాగో గది నుంచి మనం నేర్చుకోవలసింది దాని పునర్నిర్మాణం కంటే, ఆ భవనం పోయిన ఏడాదే అక్కడి పౌరులు ఇక ఇలా జరగనివ్వకూడదని పరిరక్షణ సంఘం పెట్టుకోవడం. ఆ సంఘం ప్రస్తావన ప్రసంగంలో వచ్చింది గాని ఒక్క వాక్యంతో దాటిపోయింది.

మూడో సాయంత్రం పారిస్‌లోని బూర్స్ ద కామర్స్‌కు కేటాయించారు. ఇది షేర్ల ఎక్స్ఛేంజీ కాదు, సరుకుల ఎక్స్ఛేంజీ. గోధుమ, పంచదార వంటి సరుకుల బేరం ఇక్కడ సాగేది. 1767లో గుండ్రని ధాన్యపు మండీగా పూర్తయింది. నడిమి ఆరుబయలుకు 1783లో కర్ర గుమ్మటం వేశారు. అది 1802లో కాలిపోయాక, 1813 నాటికి బెలాంజే అనే వాస్తుశిల్పి ఇనుప గుమ్మటం నిలబెట్టాడు. అంత పెద్ద ఇనుప గుమ్మటం అప్పటికి ఎంతో కొత్త విషయం. 1889 నాటి ప్రపంచ ప్రదర్శన వేళకు ఆన్రీ బ్లాండెల్ దానిని ఎక్స్ఛేంజీగా మార్చాడు. గుమ్మటం చుట్టూ 1,400 చదరపు మీటర్ల మేర ఐదుగురు చిత్రకారులు ప్రపంచ వాణిజ్యాన్ని గీశారు. ఆ బొమ్మల్లో ఆసియా, ఆఫ్రికా మనుషులను యూరోపు వలస దృష్టితోనే చూపారని మాష్టారు దాచకుండా చెప్పారు. అలా చెబుతూనే వాటిని చెరిపేయకుండా శుభ్రం చేసి ఉంచడం సరైనదేనన్నారు. ఈ విషయంలో నేను ఆయనతో పూర్తిగా ఏకీభవిస్తాను.

1998లో కంప్యూటర్లు వచ్చి అక్కడి బేరసారాలు ఆగిపోయాయి. 2016లో పారిస్ నగరపాలక సంస్థ భవనాన్ని 86 మిలియన్ యూరోలకు తిరిగి కొని, ఫ్రాన్స్వా పినో అనే వ్యాపారవేత్త కళాసేకరణకు యాభై ఏళ్ళ లీజుకు ఇచ్చింది. పాత భాగాల పునరుద్ధరణ పియర్ ఆంత్వాన్ గాతియే చూశాడు. జపాను వాస్తుశిల్పి తదావో అందో లోపల తొమ్మిది మీటర్ల ఎత్తున గుండ్రని కాంక్రీటు గోడ కట్టాడు. 2021 మే నెలలో మ్యూజియంగా తెరిచారు. ఆ కాంక్రీటు గోడ పాత గోడలను తాకి వాటిని చెడగొట్టకుండా, రేపెప్పుడైనా వద్దనుకుంటే తీసేయడానికి వీలుగా ఉండటం ఈ పనిలో గొప్పదనం. గోడ పై అంచున నడిచేవారికి గుమ్మటం కింది చిత్రాలు మునుపెన్నడూ లేనంత దగ్గరగా కనిపిస్తాయి. నేలమాళిగలో పక్కనున్న లే ఆల్ అంగళ్ళ కోసం చల్లదనం తయారుచేసిన పాత యంత్రాల గదిని కూడా అలాగే ఉంచారు.

చెప్పిన తీరు బాగుంది గాని, మొదటి గంటంతా ఇది మనకు అందని విషయంగానే తోచింది. ఒక కుబేరుడి సంపద, ఒక మహానగరపు ఖజానా, ప్రపంచ ప్రసిద్ధుడైన వాస్తుశిల్పి, ఈ మూడూ కలిసిన చోటు నుంచి మన మునిసిపల్ ఇంజనీరు ఏం తీసుకోగలడు? వెనక వరుసలో ఒక కాలేజీ అమ్మాయి సరిగ్గా ఇదే అడిగింది. మాష్టారు జవాబు చెప్పకుండా, పక్కన కూర్చున్న మేస్త్రిని లేవమన్నారు.

ఈ మేస్త్రి పాత కట్టడాల్లో డంగు సున్నం పని చేసిన మనిషి. సంచిలోంచి రెండు గోడ పెళ్ళలు తీశాడు: ఒకటి సున్నంది, ఒకటి సిమెంటుది. రెంటి మీదా చెంచాతో నీళ్ళు పోశాడు. సిమెంటు మీది నీళ్ళు జారి బల్ల మీద పడ్డాయి. సున్నం ముక్క నీటిని లోపలికి తీసుకుని రంగు మారింది. టీ తాగి వచ్చేసరికి అంచుల నుంచి ఆరడం మొదలైంది. సున్నాన్ని గోతిలో వారాల తరబడి నానబెట్టి, ఇసుకతో గానుగాడి, బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపే పద్ధతిని అతను చెబుతుంటే మాష్టారు మధ్యలో రసాయన వివరం అందించారు. సముద్రపు గాలిలోని ఉప్పు చెమ్మతో పాటు గోడలోకి దిగుతుంది. సున్నం పూత ఉన్న గోడలో ఆ చెమ్మ తిరిగి బయటికి వచ్చి, ఉప్పు పైపూత మీదే తెల్లగా పొంగుతుంది. పూత చెడినా కొన్నేళ్ళకు మార్చుకోవచ్చు. పైన సిమెంటు పామితే బయటికి దారి లేక, ఉప్పు లోపలే స్ఫటికాలుగా పెరిగి ఇటుకనూ రాతినీ పొరలు పొరలుగా ఊడదీస్తుంది.

“మరి కాంట్రాక్టర్లు సిమెంటే ఎందుకు పూస్తారు బాబూ?” అని ఒక పెద్దావిడ అడిగారు.

“బిల్లు సిమెంటుకే రాస్తారమ్మా. సున్నానికి రేటు రాసినోళ్ళు ఏరి? నెల్లాళ్ళు నానబెట్టాలంటే ఆగే ఓపిక ఎవులికుంది?” అన్నాడు మేస్త్రి.

మూడు సాయంత్రాలలో నేను విన్న అత్యంత విలువైన సమాధానం అదే. అందో కట్టిన గోడ మనకు అక్కరలేదు. పాతదానిని చెడగొట్టని పదార్థం, తిరిగి తీసేయగలిగిన మార్పు, ఈ రెండింటికి కుబేరుడి సంపద అవసరం లేదు. అంచనాల పట్టికలో సున్నం పనికి ఒక వరుస ఉండాలి, గడువులో నానడానికి వ్యవధి ఉండాలి. పారిస్ కథలో మన ఊరికి పనికొచ్చే సారమంతా ఆ బల్ల మీది రెండు పెళ్ళలలో ఉంది. నిర్వాహకులు ఈ ప్రదర్శనను చివర ఉంచకుండా మొదట పెట్టి ఉంటే, పారిస్ భాగాన్ని శ్రోతలు వేరే కళ్ళతో చూసేవారు.

ఆదివారం ఉదయపు నడక పాత టౌన్‌హాలు దగ్గర మొదలై కురుపాం మార్కెట్ దగ్గర ముగిసింది. టౌన్‌హాలు రాతి గోడల ముందు మాష్టారు కొత్తగా చెప్పినది తక్కువే. మార్కెట్ ద్వారం కింద మాత్రం ఆయన చెప్పవలసిన పని లేకపోయింది: సంచులు మోసేవాళ్ళు మమ్మల్ని పక్కకు జరగమంటున్నారు, దుకాణాల షట్టర్లు లేస్తున్నాయి. పని పోయిన భవనాల గురించి మూడు వారాలు విన్న తర్వాత, పని పోని చోట నిలబడటం వల్ల కలిగే తేడా అందరి ముఖాల్లోనూ కనిపించింది. నడకకు గంటన్నర చాలదు. ఎండెక్కక ముందే, ఆరింటికే మొదలుపెట్టడం మంచిది.

లోపాలు కొన్ని స్పష్టంగా చెప్పాలి. ఇచ్చిన పుస్తకంలో ఫొటోలు నల్లగా అచ్చుపడ్డాయి, షికాగో గది రంగులైతే అసలు తెలియడం లేదు. విదేశీ పేర్లు తెర మీద ఒక విధంగా, పుస్తకంలో మరొక విధంగా ఉన్నాయి. ముఖ్య అతిథి కోసం మొదటి రోజు చాలాసేపు ఆగి, ఆ ఆలస్యాన్ని ప్రశ్నల సమయంలో కోసేశారు. రుసుము కట్టి వచ్చిన శ్రోతకు ముఖ్య అతిథి కంటే ప్రశ్న అడిగే వ్యవధి ముఖ్యం. హాలుకు మెట్లు నిటారుగా ఉన్నాయి, ఒక వైపు పట్టుకోవడానికి కమ్మీ లేదు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఇద్దరి సాయంతో ఎక్కవలసి వచ్చింది. మైకు బాగుంది, తెర పెద్దది, కుర్చీలు సౌకర్యంగా ఉన్నాయి. టీ వేడిగా ఇచ్చారు.

బాగుచేసే పనులు నిజంగా చేయించేవారు శ్రోతల్లో కనిపించకపోవడం నన్ను ఎక్కువగా బాధించింది. వచ్చినవారిలో ఎక్కువమంది నాలాంటి చరిత్రాభిమానులు, విద్యార్థులు, పదవీ విరమణ చేసినవారు. నగరపాలక సంస్థ ఇంజనీర్లకు, ప్రజాపనుల కాంట్రాక్టర్లకు, పాత ఇళ్ళున్న వన్‌టౌన్ యజమానులకు నిర్వాహకులు విడిగా ఆహ్వానం పంపి, వారికి రుసుము లేకుండా చేసి, మేస్త్రి ప్రదర్శనను ఒక పూర్తి ఉదయం జరపాలని కోరుతున్నాను. దానికి అయ్యే ఖర్చు కోసం మా రుసుము కొంత పెంచినా అభ్యంతరం ఉండదు. ఇదే వరుసను మళ్ళీ నిర్వహిస్తామని, రెండో సాయంత్రానికి విడి టికెట్టు కూడా ఇస్తామని వారు చెప్పారు. ఒక్క రోజే వీలయ్యేవారు షికాగో రోజును ఎంచుకోండి. రెండు రోజులు కుదిరితే మూడో సాయంత్రం కూడా వెళ్ళి, మేస్త్రి మాట్లాడేదాకా తప్పకుండా ఉండండి. పుస్తకం అదనపు ప్రతులు మాత్రం సవరించిన ముద్రణ వచ్చాకే కొనుక్కోండి.